2014 తాగాలా, 2016 దాచాలా? బోర్డో రెడ్ బ్లెండ్‌లో ఏ సంవత్సరం ఎవరికి సరిపోతుంది

ఒకే షాటో (అంటే సొంత తోట ఉన్న వైన్ ఎస్టేట్), ఒకే లేబుల్, ర్యాక్‌లో పక్కపక్కనే మూడు సీసాలు. లేబుల్ మీది సంవత్సరం ద్రాక్ష కోసిన ఏడాది. ఒకటి 2014, ఒకటి 2016, ఇంకొకటి 2018. ధరల్లో మాత్రం వేల రూపాయల తేడా. ఏది తీసుకోమంటారని షాపులో అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: "2016 తీసుకోండి సార్, గ్రేట్ ఇయర్." అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఈ శనివారమే సీసా తెరిచేవాళ్లకి ఆ మూడింట్లో ఎక్కువ సుఖమిచ్చేది, తక్కువ ధరకి దొరికే 2014. మంచి షాటో 2016 చాలావరకు ఇంకా బిగుసుకునే ఉంటుంది. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ ఆనందం కొనుక్కోవడమన్నమాట.

పాయింట్ల సంగతీ అంతే. నూటికి 97, 98 అని క్రిటిక్‌లు వేసే మార్కులు వైన్ ఎంత గొప్పదో చెబుతాయి గానీ, మీరు తెరిచే రోజున అది ఎలా ఉంటుందో చెప్పవు. వైన్ కొనేవాళ్లలో సగం మంది టెన్షన్ ఆ మార్కుల వల్లే. వాటిని కాసేపు పక్కన పెట్టండి.

ఇక్కడ ఎక్కువగా ఫ్రాన్స్‌లోని బోర్డో గురించే మాట్లాడుకుందాం. ఏడాదికీ ఏడాదికీ తేడా అక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అట్లాంటిక్ పక్కనే ఉన్న ప్రాంతం అది. ఏప్రిల్‌లో మంచు, పూత సమయంలో వాన, కోతకి ముందు మళ్లీ వాన, ఏది ఎప్పుడు మీద పడుతుందో తెలీదు. అందుకే అక్కడి రైతులు ఒకే రకం ద్రాక్షను నమ్ముకోలేదు. మెర్లో ముందు పండుతుంది, కాబర్నే సొవిన్యాన్ ఆలస్యంగా పండుతుంది. ఒకటి దెబ్బ తింటే రెండోది ఆదుకుంటుంది. కాబర్నే ఫ్రాంక్, పెతీ వెర్దో కొద్దికొద్దిగా తోడవుతాయి. ఏ ద్రాక్ష ఎంత కలపాలన్నది ఏటికేడాది మారుతుంది కాబట్టి, లేబుల్ అదే అయినా లోపల వైన్ అదే కాదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు ప్రశ్న, తాగేదెప్పుడు? ఈ ఏడాదా, ఐదారేళ్లకా, పిల్ల పెళ్లికా? దీనికి జవాబు లేకుండా సంవత్సరం ఎంచుకోవడం కుదరదు.

తర్వాత, దాచేదెక్కడ. 12 నుంచి 14 డిగ్రీల మధ్య, వెలుతురు తగలని చోట, కదలిక లేకుండా, సీసాని పడుకోబెట్టి ఉంచగలిగితేనే దాచడమనే ఆప్షన్ మీకు ఉన్నట్టు. న్యూజెర్సీలో చల్లటి బేస్‌మెంట్ ఉన్నవాళ్ల లెక్క వేరు, కూకట్‌పల్లిలో పడమటి ఎండ కొట్టే పదో అంతస్తు ఫ్లాట్ లెక్క వేరు. రెండో రకంవాళ్లు 2016, 2010 లాంటి ఏళ్లను ఆశపడి కొని అల్మరాలో పెట్టడం కన్నా, 2014 కొని ఆ నెల్లోనే తాగేయడం మేలు.

మూడోది మీ నోటి సంగతి. కొత్త రెడ్ వైన్‌లో టానిన్, అంటే ద్రాక్ష తొక్క, గింజల నుంచి దిగే వగరు పదార్థం, చిగుళ్లని పట్టేస్తుంది. దోర నేరేడు పళ్లు నాలుగు వరసగా తిన్నట్టు ఉంటుంది ఆ వగరు. కొందరికి అదే ఇష్టం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు మెత్తబడి, పండు వాసన వెనక్కి తగ్గి, తోలు, పొగాకు, దేవదారు చెక్క, తడిమట్టి, పుట్టగొడుగు లాంటి వాసనలు ముందుకొస్తాయి. అవి నచ్చనివాళ్లు చాలామందే ఉన్నారు. "పాడైనట్టుందే" అని గ్లాసు పక్కన పెట్టేస్తారు. అందులో తప్పేం లేదు. అలాంటివాళ్లు పాత సీసాల కోసం డబ్బు తగలేయడమే అనవసరం. దాచడం మొదలుపెట్టే ముందు, ఇప్పటికే మాగిన సీసా ఒకటి ఎక్కడైనా రుచి చూసి తేల్చుకోండి.

డబ్బు విషయం నాలుగోది. లాఫిత్, లాతూర్ లాంటి పేర్లు మనకి అందేవి కావు, వాటిని వదిలేద్దాం. లించ్-బాజ్, లెయోవిల్ బార్తన్, తాల్బో, కాంతమెర్ల్, షాస్-స్ప్లీన్ వంటి స్థాయిలో కూడా మంచి ఏడాదికీ మామూలు ఏడాదికీ ధరలో బాగా తేడా ఉంటుంది. ఆ తేడా మీకు అనుకూలమయ్యేది మామూలు ఏడాది కొన్నప్పుడే.

## సీసాలో జరిగేది

టానిన్లూ రంగు పదార్థాలూ ఒకదానికొకటి అతుక్కుని గొలుసుల్లా పెరుగుతాయి. బరువెక్కినవి అడుగున మడ్డిగా దిగుతాయి. అందుకే పాత వైన్‌లో ఊదారంగు తగ్గి, అంచు దగ్గర ఇటుక రంగు తేలుతుంది. కార్కు గుండా అతి కొద్దిగా గాలి ఆడుతూ ఉంటుంది. ఇదంతా చల్లగా, నింపాదిగా జరిగితే మాగడం, వేడిలో హడావిడిగా జరిగితే ఉడకడం.

మధ్యలో ఒక చిక్కుంది. చాలా మంచి బోర్డోలు సీసాలోకి వెళ్లిన కొత్తల్లో పండు వాసనతో ముచ్చటగా ఉండి, కొన్నేళ్లకి మూగబోతాయి. వాసన రాదు, వగరొక్కటే మిగులుతుంది. మళ్లీ కొన్నేళ్లకి తెరుచుకుంటాయి. 2010, 2005 లాంటి గట్టి ఏళ్లలో ఈ మౌనం ఎక్కువ కాలం సాగుతుంది. 2009, 2014, 2017 లాంటి ఏళ్లలో దాదాపు కనపడదు.

ఎక్కువ కాలం నిలవాలంటే టానిన్ ఒక్కటే చాలదు. పులుపు ఉండాలి, ఆ రెండింటినీ మోయగలిగేంత పండు ఉండాలి. టానిన్ ఉండి పండు లేని వైన్ ఇరవై ఏళ్ల తర్వాత కూడా వగరుగానే ఉంటుంది, కాకపోతే ముసలి వగరు.

## ఏళ్ల వారీగా

| సంవత్సరం | ఆ ఏడు వాతావరణం | గ్లాసులో ఎలా ఉంటుంది | ఎవరికి |
|---|---|---|---|
| 2009 | ఎండ బాగా కాసిన, సాఫీగా సాగిన ఏడాది | పండిన పళ్ల నిండుదనం, మెత్తటి టానిన్ | వగరు పడనివాళ్లకి, ఇప్పుడే తెరవడానికి |
| 2010 | పొడి వేసవి, చల్లటి రాత్రులు | గట్టి టానిన్, పులుపు, ఘాటు | చల్లటి నిల్వ, ఓపిక రెండూ ఉన్నవాళ్లకి |
| 2014 | చప్పటి వేసవి, సెప్టెంబర్‌లో ఎండ | తేలికైన ఒళ్లు (నోటికి తగిలే బరువు), తాజా పులుపు | ఈ ఏడాదే తాగేవాళ్లకి |
| 2015 | వేడి, కోతకి ముందు ఉత్తరాన వానలు | గుండ్రటి రుచి, తీయటి పండు | సగం ఇప్పుడు, సగం తర్వాత అనుకునేవాళ్లకి |
| 2016 | వాన వసంతం, తర్వాత కరువు వేసవి | పండు, పులుపు, టానిన్ మూడూ సమంగా | దాచగలిగేవాళ్లకి |
| 2017 | ఏప్రిల్ చివర మంచు దెబ్బ | మధ్యస్థం, త్వరగా తయారు | బడ్జెట్ చూసుకునేవాళ్లకి |
| 2018 | తొలుత బూజు తెగులు, ఆపైన తీవ్రమైన ఎండ | చిక్కగా, ఆల్కహాల్ ఎక్కువగా | నిండైన వైన్ ఇష్టపడేవాళ్లకి |
| 2019 | వేడి, అయినా తాజాదనం నిలిచింది | నిండుగా, హుషారుగా | అన్ని రకాలవాళ్లకి |
| 2021 | మంచు, వాన, చల్లటి వేసవి | పల్చగా, తక్కువ ఆల్కహాల్ | పాతకాలపు తేలిక బోర్డో కోరేవాళ్లకి |
| 2022 | తీవ్రమైన వేడి, కరువు | గాఢంగా, టానిన్ దట్టంగా | పదేళ్లు ఆగగలవాళ్లకి |

టేబుల్ అంతే చెబుతుంది. అసలు విషయం జంటలుగా పెట్టి చూసినప్పుడు తెలుస్తుంది.

2009, 2010. బోర్డోలో ఇంత మంచి జంట అరుదు. రెండూ గొప్పవే, స్వభావాలు మాత్రం పూర్తిగా ఎదురు. ఒకే షాటో రెండు సీసాలు తెరిచి, రెండు గ్లాసుల్లో పోసి పక్కపక్కనే పెట్టండి. 2009 గ్లాసు దగ్గరికి ముక్కు వెళ్లకముందే పండిన నల్ల పళ్ల వాసన వచ్చేస్తుంది. గుక్క వేస్తే నోరంతా పరుచుకుంటుంది, గొంతు దిగాక మాత్రం కాస్త తొందరగా సెలవు తీసుకుంటుంది. 2010 అలా కాదు. పోసిన వెంటనే పెన్సిల్ చెక్కినప్పటి చెక్క వాసన, కొద్దిగా ఇనుప వాసన, అంతకు మించి ఏమీ ఇవ్వదు. డికాంటర్‌లో, అంటే వైన్‌కి గాలి తగలడానికి వంచి ఉంచే గాజు పాత్రలో, గంటన్నర, రెండు గంటలు ఉంచితే అప్పుడు పండు బయటపడుతుంది. మింగాక రుచి నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో మొదటి అరగంట అందరి ఓటూ 2009కే పడుతుంది. భోజనం అయ్యేసరికి కొందరు 2010 వైపు మారతారు. మీరు ఆ మారే మనిషి అవునా కాదా తెలుసుకుంటే, ఇకపై సంవత్సరం ఎంచుకోవడం సగం సులువైపోతుంది. నన్నడిగితే పార్టీకి 2009, నలుగురే కూర్చునే రాత్రికి 2010.

2015, 2016. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. 2015 సెప్టెంబర్‌లో, జిరోండ్ నదికి ఎడమ ఒడ్డున ఉన్న మెడాక్ ఉత్తర భాగంలో, అంటే సెయింట్ ఎస్తెఫ్, పోయాక్ వైపు, వానలు ఎక్కువ పడ్డాయి. దక్షిణాన ఉన్న మార్గో, నది అవతలి సెయింట్ ఎమిలియాన్, పొమెరాల్ బాగా తప్పించుకున్నాయి. కాబట్టి 2015 కొంటే మార్గోదో, అవతలి ఒడ్డుదో చూసుకోండి. 2016లో జూన్ దాకా వానలే, ఆ తర్వాత సెప్టెంబర్ మధ్య వరకు చుక్క రాలలేదంటే రాలలేదు. నేలలో అప్పటికే నిలిచిన తేమ తీగల్ని కాపాడింది. సరైన సమయానికి ఒక వాన, తర్వాత చల్లటి రాత్రులు, తొందర లేని కోత. పోయాక్, సెయింట్ జూలియన్, సెయింట్ ఎస్తెఫ్‌లలో 2016 గత ఇరవై ఏళ్లలోనే మేలైన వాటిలో ఒకటి. చల్లటి చోటు ఉంటే నిస్సందేహంగా 2016. లేకపోతే 2015.

2014, 2017. వీటిని ఎవరూ పొగడరు, అదే వీటి అదృష్టం, మనదీనూ. 2014లో జులై, ఆగస్టు నెలలు చల్లగా, మబ్బుగా గడిచి అందరూ ఆశ వదులుకున్నారు. సెప్టెంబర్‌లో మొదలైన ఎండ అక్టోబర్ దాకా కాసింది. ఆలస్యంగా పండే కాబర్నేకి అదే కావాలి. కాబట్టి 2014లో ఎడమ ఒడ్డు వైన్‌లు, ముఖ్యంగా ఉత్తర మెడాక్‌వి, ధరకి మించి రుచిస్తాయి. 2017 ఏప్రిల్ చివరి వారంలో మంచు కురిసి కొన్ని షాటోలు పంటంతా పోగొట్టుకున్నాయి. అయితే జిరోండ్ నదీముఖానికి ఆనుకుని ఉన్న మెడాక్ తోటల్ని ఆ నీటి వెచ్చదనం చాలావరకు కాపాడింది. 2017 తీసుకుంటే ఆ తోటలవే తీసుకోండి. రెండింట్లో నా ఓటు 2014కే. 2017లో మధ్యలో కాస్త ఖాళీ ఉన్నట్టు అనిపిస్తుంది.

2018, 2019, 2020, 2022. వేడి ఏళ్లు. 2018 తొలి వేసవిలో బూజు తెగులు తోటల్ని ఊడ్చేసింది. మార్గోలోని షాటో పాల్మేర్‌లో దిగుబడి ఎంత పడిపోయిందంటే ఆ ఏడాది రెండో వైన్ (ప్రధాన వైన్‌తో పాటు తక్కువ ధరకి చేసేది) 'ఆల్టర్ ఈగో' చెయ్యనే లేదు. మిగిలిన కాయ మీద ఎండ దంచికొట్టి వైన్ చిక్కబడింది. సీసా వెనక 14.5 శాతం ఆల్కహాల్ కనిపించడం మామూలే. మాంసం లేకుండా తాగాలంటే బరువనిపిస్తుంది. 2019 దానికన్నా నాకు చాలా నచ్చుతుంది, ఇంకో కారణం కూడా ఉంది. 2020 వేసవిలో, కోవిడ్ మధ్యలో, ఆ వైన్‌ని అమ్మకానికి పెట్టినప్పుడు చాలా షాటోలు ముందటి ఏడాది కన్నా ధర బాగా తగ్గించాయి. 2020లోవి 2019కి తోబుట్టువులే, కాస్త బిగువు ఎక్కువ. 2022 బాగుంది, చాలా బాగుంది, ధర కూడా అలాగే ఉంది. ఇప్పుడప్పుడే ముట్టుకునేది కాదు.

2013, 2021. 2013 వదిలేయండి. పూత సరిగా నిలవలేదు, కోతకి ముందు కుళ్లు పట్టింది. తాగాల్సినవన్నీ ఈపాటికే తాగి ఉండాలి. 2021ని మాత్రం దానితో కలిపి తిట్టకండి. మంచు, వాన, తెగులు అన్నీ వచ్చిన ఏడాదే అయినా మంచి షాటోలు జాగ్రత్తగా ఏరి చేశాయి. 13 శాతం దగ్గర ఆల్కహాల్, సన్నటి ఒళ్లు. 2018 బరువు పడనివాళ్లకి ఇదే మందు.

## ఏ ఒడ్డు

గారోన్, డోర్డోన్యా నదులు కలిసి జిరోండ్ అవుతాయి. ఎడమ ఒడ్డున గులకరాళ్ల నేల. రాళ్లు నీటిని దించేస్తాయి, పగటి వేడిని పట్టి ఉంచుతాయి. అక్కడ కాబర్నే సొవిన్యాన్‌ది పైచేయి. కుడి ఒడ్డున బంకమట్టి, సున్నపురాయి. అక్కడ మెర్లో, దాని పక్కన కాబర్నే ఫ్రాంక్. కుడి ఒడ్డు వైన్ ముందు తయారవుతుంది, వగరు తక్కువ, మెత్తదనం ఎక్కువ. రెడ్ వైన్ ఇప్పుడిప్పుడే అలవాటవుతున్నవాళ్లకి కుడి ఒడ్డు సులువు. పదిహేనేళ్లు ఆగదలచుకున్నవాళ్లకి ఎడమ ఒడ్డు. మెర్లో బాగా పండిన 2012, 2015 ఏళ్లలో కుడి వైపు చూడండి, కాబర్నే నెగ్గిన 2014, 2016 ఏళ్లలో ఎడమ వైపు.

పెద్ద షాటోల రెండో వైన్‌ల మాటేమిటని అడుగుతుంటారు. పేరు కోసం కొంత ఎక్కువ పెడుతున్నట్టే. ఎక్కువ కాలం నిలవడానికి చేసినవి కావవి. అదే డబ్బుకి సెయింట్ జూలియన్‌లోని షాటో గ్లోరియా లాంటిది తీసుకుంటే నయం. బోర్డో షాటోలకి ర్యాంకులిచ్చిన 1855 వర్గీకరణలో దానికి చోటు లేదు. ఇరవయ్యో శతాబ్దంలో చుట్టుపక్కల వర్గీకరణ పొందిన షాటోల ముక్కలు కొని కూర్చిన తోట అది. నేల మాత్రం ఆ నేలే.

## బోర్డో కాకపోతే

దాచే చోటు లేదు, అయినా మాగిన రుచి కావాలి అంటే స్పెయిన్‌లోని రియోహా గ్రాన్ రిసర్వా. నియమం ప్రకారం కనీసం ఐదేళ్లు వాళ్ల దగ్గరే మాగాలి, అందులో రెండేళ్లు ఓక్ పీపాల్లో, రెండేళ్లు సీసాలో. ఆచరణలో చాలామంది అంతకన్నా ఎక్కువే ఉంచుతారు. అంటే దాచే పని వాళ్లే చేసి, తాగే పని మనకి వదిలారు. తెంప్రానియో ద్రాక్ష ప్రధానం, గ్రాసియానో, గార్నాచా తోడు. పాత పద్ధతివాళ్లు అమెరికన్ ఓక్ వాడతారు కాబట్టి వెనిలా, కొబ్బరి వాసన తగులుతుంది. లా రియోహా ఆల్టా 904, మూగా ప్రాదో ఎనియా మంచి ఉదాహరణలు. 2010, 2011 ఏళ్లవి దొరికితే వదలకండి. ధర చూసుకుంటే మాగిన రెడ్ బ్లెండ్‌కి ఇంతకన్నా మంచి బేరం నాకు కనిపించలేదు.

ఇటలీలో బోల్గెరి తీరం. పేరుమోసిన సస్సికాయా వైన్ అక్కడిదే. సుమారు 85 శాతం కాబర్నే సొవిన్యాన్, 15 శాతం కాబర్నే ఫ్రాంక్, అమ్మకానికి వచ్చిన మొదటి ఏడాది 1968. ధర భయపెడితే అదే ఇంటివాళ్ల గ్విదల్బెర్తో చూడండి, కాబర్నే, మెర్లో కలయిక. త్వరగా తాగొచ్చు.

కాలిఫోర్నియాలోని నాపా సంగతి బే ఏరియాలో ఉన్న తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు, ఫ్రీమాంట్ నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి వచ్చేయొచ్చు. లేబుల్ మీద కాబర్నే అని ఒక్కటే రాసి ఉన్నా అమెరికా నియమాల ప్రకారం అందులో 25 శాతం దాకా వేరే ద్రాక్ష ఉండొచ్చు, కాబట్టి చాలా సీసాలు నిజానికి బ్లెండ్‌లే. 2013, 2016, 2018, 2019 మంచి ఏళ్లు. 2020 మాత్రం జాగ్రత్త. ఆ సెప్టెంబర్‌లో గ్లాస్ ఫైర్ కార్చిచ్చు పొగ తోటల్ని కమ్మేసింది, చాలామంది ఆ ఏడు రెడ్ వైన్ చెయ్యనే లేదు.

ఆస్ట్రేలియా పెన్‌ఫోల్డ్స్ బిన్ 389, కాబర్నే-షిరాజ్ కలయిక. వాళ్ల అతి ఖరీదైన వైన్ గ్రాంజ్‌ని మాగబెట్టిన పీపాల్లో కొంత భాగం మాగుతుంది. పదేళ్లు దర్జాగా నిలుస్తుంది, రెండేళ్లకే తాగినా మొహమాటపెట్టదు.

మన దగ్గర గ్రోవర్ లా రిసర్వ్ ఉంది, కాబర్నే-షిరాజ్. ఫ్రతెల్లి సెత్తే ఉంది, సాంజియోవేసే-కాబర్నే. హైదరాబాద్‌కి చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపీ కొండల దగ్గర పెట్టిన క్రస్మా తోట వైన్‌లు కూడా రుచి చూడదగ్గవి. బ్లెండ్ కన్నా ఒంటి రకాల మీద వాళ్ల దృష్టి ఎక్కువ. వీటిలో వేటినైనా ఐదారేళ్లలో తాగేయమంటాను.

## పుట్టిన ఏడాది సీసా

పిల్ల పుట్టిన ఏడాది వైన్ కొని పెళ్లికి తెరవాలన్న సరదా మనవాళ్లలో, ముఖ్యంగా అమెరికాలో, ఈమధ్య బాగా పెరిగింది. ఇక్కడ మాత్రం ఏడాదిని మీరు ఎంచుకోలేరు, ప్రాంతాన్నే ఎంచుకోవాలి. 2016 అయితే ఎడమ ఒడ్డు బోర్డో, ఆలోచించక్కర్లేదు. 2013లో పుట్టినవాళ్లకి బోర్డో వద్దు, నాపా. 2011, 2017 వాళ్లకి పోర్చుగల్ వింటేజ్ పోర్ట్. ఆ రెండేళ్లలో పెద్ద సంస్థలు దాదాపు అన్నీ వింటేజ్ ప్రకటించాయి, అంటే ఆ ఏడాది పేరుతో సీసాలో నింపదగ్గ పంట అన్నాయి. అదీ ఎర్ర ద్రాక్షల బ్లెండే, స్పిరిట్ కలిపి 20 శాతం ఆల్కహాల్‌తో చేసేది, నలభై ఏళ్లు నిలుస్తుంది. 2021 పిల్లలకి బోల్గెరి లేదా నాపా. 2020కి బోర్డో.

కుదిరితే ఒకటిన్నర లీటర్ల మాగ్నం కొనండి. సీసా పెద్దదైతే లోపలి వైన్‌తో పోలిస్తే గాలి తక్కువ, మాగడం నెమ్మది. 375 మిల్లీలీటర్ల అర సీసాలు దీనికి ఎదురు, తొందరగా ముసలివవుతాయి. ఆ కారణానికే ఓపిక లేనివాళ్లకి అవి బాగు.

## మన ఎండల్లో

షోకేసులో, లైటు కింద, నిలబెట్టి పెట్టిన సీసా అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు. కార్కు ఎండుతుంది, గాలి దూరుతుంది, వెలుతురు మిగతా పని పూర్తి చేస్తుంది. రాత్రి ఏసీ, పగలు 38 డిగ్రీలు అన్న గదిలో మంచం కింద పెట్టడం కూడా అంతే. ఒక విజయవాడ వేసవి చాలు, 2016 కాస్తా ఉడికిన పళ్ల గుజ్జయిపోతుంది. కార్కు పైకి ఉబికినా, మూత కింద జిగట చార కనిపించినా, భుజం కిందికి వైన్ మట్టం దిగినా ఆ సీసా వేడి తిన్నదని అర్థం. కొనేటప్పుడూ ఇవే చూడాలి.

వైన్ ఫ్రిజ్ కొంటే కంప్రెసర్ ఉన్నదే కొనండి. చవకగా వచ్చే థర్మో-ఎలక్ట్రిక్ రకం గది వేడి కన్నా కొన్ని డిగ్రీలే తగ్గించగలదు. మే నెలలో అది చేతులెత్తేస్తుంది. ఏదీ లేకపోతే మామూలు ఫ్రిజ్ కూరగాయల అర కొన్ని నెలలకి ఫరవాలేదు.

విదేశాల నుంచి వచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. 750 మిల్లీలీటర్లవి రెండు సీసాలన్నమాట. ఆ రెండూ ఏవంటే, ఒకటి గ్రాన్ రిసర్వా, ఒకటి 2014 లేదా 2019 బోర్డో. వచ్చాక రెండు మూడు వారాలు కదపకుండా ఉంచి తెరవండి.

తిండి గురించి ఒక్క మాట. గుంటూరు కారం ముందు టానిన్ నిలవదు. కారం వగరునీ ఆల్కహాల్ మంటనీ రెండింతలు చేస్తుంది. హలీం, పత్థర్ కా గోష్త్, మిరియాలతో వేపిన మటన్ లాంటివి నప్పుతాయి. గోంగూర మటన్‌తో పేచీ పెట్టుకోకండి, అక్కడ మజ్జిగే నెగ్గుతుంది.

## మీ నోరు ఏ ఏడాదిదో తెలుసుకోవడానికి

పుస్తకాలు చదవడం కన్నా ఆరుగురు కలిసి డబ్బులేసుకుని ఒకే షాటో మూడు ఏళ్లవి తెరవడం మంచిది. 2014, 2015, 2018 బాగా పనికొచ్చే మూడు. తలా 60 మిల్లీలీటర్లు పోస్తే ఆరుగురికి సీసాలో సగమే అవుతుంది, రెండో రౌండ్ భోజనంతో చూడొచ్చు. గ్లాసులు ఒకే రకంవి ఉండాలి. సీసాలకి ఫాయిల్ చుట్టి నంబర్లు వేయండి, లేకపోతే అందరూ ధరనే రుచి చూస్తారు.

రూమ్ టెంపరేచర్ అన్న మాట మన ఊళ్లకి వర్తించదు. తెరవడానికి ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, 16 నుంచి 18 డిగ్రీల దగ్గర పోయండి. 2018ని గంట ముందే డికాంటర్‌లోకి వంచాలి. ఇరవై ఏళ్లు దాటిన సీసా అయితే ముందురోజే నిలబెట్టి మడ్డిని అడుక్కి దిగనిచ్చి, తాగే ముందే మెల్లగా వంచాలి. ముందే వంచితే ఉన్న కాస్త వాసనా ఎగిరిపోతుంది.

గ్లాసుని తెల్ల కాగితం మీద వంచి అంచు రంగు చూడండి. తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన పట్టండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్కు దోషం, ఆ సీసాని లెక్కలోంచి తీసేయాలి, ఆ సంవత్సరాన్ని తప్పు పట్టొద్దు. గుక్క వేశాక వగరు ఎక్కడ పట్టిందో, మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో రాసుకోండి. తేలిక ఏడాదితో మొదలుపెట్టి చిక్కటిది చివర్లో రావాలి.

ఒక్కో సీసాలో అర గ్లాసు మిగిల్చి, కార్కు బిగించి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు సాయంత్రం మళ్లీ చూడండి. నిన్నటి కన్నా బాగున్నదాన్ని ఇంకో మూడు సీసాలు కొని ఐదేళ్లు దాచొచ్చు. అలాగే ఉన్నది రెండు మూడేళ్లు ఆగుతుంది. చప్పబడి పులుపెక్కిందంటే, దాని తోటి సీసాలు ఇంట్లో ఉంటే ఈ ఏడాదే తాగేయండి.